వీధి కోసం రాసిన నాటకం

ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో 14వ శతాబ్దం నుంచి క్రైస్తవుల కార్పస్ క్రిస్టీ పండుగ నాడు మిస్టరీ నాటకాలు ఆడేవారు. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా నటులు సిద్ధంగా ఉండాలని నగర పాలకుల ఆజ్ఞ. సృష్టి మొదలుకొని అంతిమ తీర్పు దాకా బైబిలు కథను నలభై పైచిలుకు చిన్న నాటకాలుగా విడగొట్టి, ఒక్కోదాన్ని ఒక్కో చక్రాల బండి మీద ఆడేవారు. బండి సాధారణంగా పన్నెండు చోట్ల ఆగేది. ఆగినచోటల్లా అదే ఘట్టం ఆడి ముందుకు సాగితే, వెనకే తరవాతి కథతో ఇంకో బండి వచ్చేది.

ఆడించేవాళ్ళు చేతిపనుల సంఘాలవాళ్ళు. నోవా ఓడ కట్టే ఘట్టం ఓడల వడ్రంగులది, కడరాత్రి భోజనం రొట్టెలు కాల్చేవాళ్ళది. అంతిమ తీర్పు బాగా డబ్బున్న వర్తకులది. 1433 నాటి వాళ్ళ సామాన్ల జాబితా ఒకటి దొరికింది. అందులో నరకపు నోరుంది, స్వర్గంలో అటూ ఇటూ పరుగెత్తే ఎర్రరంగు దేవదూత బొమ్మలు తొమ్మిదున్నాయి, వాటిని ఆడించే పొడవాటి సన్న తాడు కూడా ఉంది. తాడును సైతం లెక్కలో రాసుకున్నారంటే ఆ నాటకం వాళ్ళకు ఎంత సొంతమో తెలుస్తుంది.

మతసంస్కరణ గాలికి 1569తో ఇవి ఆగిపోయాయి. తిరిగి మొదలైంది 1951లో, సెయింట్ మేరీస్ మఠం శిథిలాల ముందు. అప్పుడు కట్టింది కదలని పెద్ద వేదిక. 1957లో అక్కడ మరియ పాత్ర వేసిన అమ్మాయి తరవాత ప్రపంచమెరిగిన నటి జూడి డెంచ్. ఆ ప్రదర్శనల వల్లే నాటకాలు బతికాయి, కాదనను. కానీ వాటి అసలు బలం దూరం నుంచి చూస్తే తెలియదు.

క్రీస్తును సిలువ వేసే ఘట్టమే చూడండి. దాన్ని ఆడించేది మేకులూ గుండుసూదులూ చేసేవాళ్ళ సంఘం. నలుగురు సైనికులు సిలువను బండి మీద పడుకోబెట్టి మేకులు కొడతారు. చేతికని తొలిచిన రంధ్రం దూరంగా పడింది. తాళ్ళు కట్టి చెయ్యి లాగుతారు. ఒకరినొకరు విసుక్కుంటారు, బరువుకు భుజాలు పడిపోయాయంటారు. సిలువను దింపే గుంట వదులుగా ఉంటే చీలలు దిగ్గొడతారు. అంతసేపూ క్రీస్తు మనకు సరిగా కనిపించడు. పని తెమిలిందా లేదా అని మనమూ వాళ్ళతో పాటే చూస్తుంటాం. సిలువ లేచాక ఆయన నోరు విప్పి, వీధిన పోయేవాళ్ళను పిలిచి మరీ మాట్లాడతాడు. హాల్లో టికెట్టు కొని కూర్చున్నవాడికి అది ఎవరితోనో అన్న మాట. వీధిలో సంచీ పట్టుకు నిలబడ్డవాడికి మాత్రం సూటిగా తగులుతుంది. ఇంతసేపూ ఆ పనిని తానెలా చూస్తూ నిలబడ్డాడో అప్పుడు గుర్తొస్తుంది.

అందుకే 1990లలో యార్క్‌లో బండ్లు మళ్ళీ వీధుల్లోకి రావడం నాకు పెద్ద విషయం. ఇప్పుడు కొన్నేళ్ళకోసారి, ఎంచుకున్న కొన్ని నాటకాలతో తిరుగుతున్నాయి. చిక్కులూ ఉన్నాయి. ఒక్కో బండికీ ఒక్కో క్రీస్తు. కొత్త ప్రేక్షకుడు తికమక పడకుండా వేషంలో ఏదో ఒక గుర్తు నిలపాలి. భాష పాతది, అనుప్రాసల మీద నడిచేది. దాన్ని మరీ నునుపు చేస్తే దెబ్బ పోతుంది. కవి టోనీ హారిసన్ లండన్ నేషనల్ థియేటర్ కోసం ఈ మిస్టరీ నాటకాలను తిరగరాసినప్పుడు యార్క్‌షైర్ యాసనే నిలబెట్టాడు. దేవుడైనా సరే, ఆ యాసలోనే మాట్లాడాడు. నాకది సరైన దారి.

అన్నిటికన్నా కష్టమైనది వేరే ఉంది. ఈ నాటకాల్లో యూదులను క్రీస్తు హంతకులుగా చూపే మాటలున్నాయి. 1190లో ఇదే యార్క్ కోటలో చిక్కుకుని సుమారు 150 మంది యూదులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఊరి వీధుల్లోనే ఆ మాటలు మళ్ళీ పలికించాలా? కొన్ని తీసేయక తప్పదు. తీసేసి ఊరుకోకుండా, ఏం తీశామో ఎందుకు తీశామో ప్రేక్షకుల చేతికిచ్చే కరపత్రంలో రాయాలి.