పావుమైలు పందెం... గుడ్డు ఆకారంలో గుట్టు!

పచ్చలైటు వెలిగింది. బండి దూకింది. పది, పన్నెండు సెకన్లు... అంతే, పందెం అయిపోయింది! మలుపుల్లేవు, ల్యాపుల్లేవు. 402 మీటర్ల తిన్నటి దారి, పక్కన ఒకే ఒక్క ప్రత్యర్థి. అదే డ్రాగ్‌ రేసు. టర్బోల్లాంటి హంగులేమీ లేకుండా సొంత ఊపిరితోనే ఇంజిన్‌ ఈ పందెం నెగ్గాలంటే జానెడో మూరెడో ఉండే ఓ ఇనుప కడ్డీని సరిగ్గా ఎంచుకోవాలి. దాని పేరు క్యామ్‌షాఫ్ట్‌. కుదిరితే బండి బాణం. కుదరకపోతే బోరింగ్‌ షెడ్డులో చాంతాడంత బిల్లు!

వనపర్తి రాజావారి ప్యాలెస్‌కి ఇంజిన్లతో చుట్టరికం ఉంది. రాజా కృష్ణదేవరావు పేరు పెట్టుకున్న ప్రభుత్వ పాలిటెక్నిక్‌ 1959లో వెలిసింది ఆ ప్యాలెస్‌లోనే. మెకానికల్‌ డిప్లొమా చదివేవాళ్లు ఎక్కడివాళ్లయినా సరే, వాల్వు టైమింగ్‌ బొమ్మ గీసి తీరాల్సిందే. ఓ వృత్తం, దానిమీద డిగ్రీల్లో గుర్తులు. గాలి లోపలికొచ్చే తలుపు ఎప్పుడు తెరుచుకుంటుంది, ఎప్పుడు మూసుకుంటుంది, పొగ బయటికెళ్లే తలుపు సంగతేమిటి... అన్నీ అందులో ఉంటాయి. పరీక్షలో నాలుగు మార్కులు తెచ్చిపెట్టే ఆ బొమ్మే డ్రాగ్‌ ఇంజిన్‌ కట్టేవాళ్లకి జాతకచక్రం.

అదే పాఠాన్ని నీళ్లతో చెప్పే చోటు కూడా దగ్గర్లోనే ఉంది. కొత్తకోట వైపు వెళితే సరళాసాగర్‌ కనిపిస్తుంది. నీటిమట్టం ఒక గీత దాటిందంటే అక్కడి సైఫన్లు వాటంతటవే పనిచేసి వరదని కిందికి వదిలేస్తాయి. గేటు ఎత్తే మనిషి అక్కర్లేదు. ఎప్పుడు వదలాలన్నది కట్టిన రోజే నిర్ణయమైపోయింది. క్యామ్‌షాఫ్ట్‌ సంగతీ అంతే. దాని ఆకారాన్ని సానపట్టిన రోజే ఇంజిన్‌ ఎప్పుడు ఊపిరి పీల్చాలో, ఎప్పుడు వదలాలో రాసిపెట్టేస్తారు. ఆ రాత ఎలా ఉండాలన్నదే అసలు ప్రశ్న.

సెకనుకి 75 సార్లు!

క్యామ్‌షాఫ్ట్‌ మీద గుడ్డు ఆకారంలో మిట్టలుంటాయి. కడ్డీ తిరుగుతున్నప్పుడు గుడ్డు కొన వచ్చి వాల్వుని నొక్కుతుంది. తలుపు తెరుచుకుంటుంది. కొన దాటిపోగానే స్ప్రింగు దాన్ని మళ్లీ మూసేస్తుంది. ఫోర్‌స్ట్రోక్‌ ఇంజిన్లో క్రాంక్‌షాఫ్ట్‌ రెండు చుట్లు తిరిగితే ఇది ఒక చుట్టు తిరుగుతుంది. అంటే ఇంజిన్‌ 9,000 ఆర్‌పీఎం మీద ఉంటే ఒక్కో వాల్వు సెకనుకి 75 సార్లు తెరుచుకుని మూసుకోవాలి.

అన్నట్టు, కుర్రకారు ఇప్పటికీ కలవరించే ఆర్‌ఎక్స్‌ 100కి ఈ బెడద లేదు. అది టూస్ట్రోక్‌. క్యామ్‌ తోసే వాల్వుల బదులు సిలిండర్‌ గోడకున్న రంధ్రాలతో పని కానిచ్చేస్తుంది. కాబట్టి క్యామ్‌ ముచ్చటంతా ఫోర్‌స్ట్రోక్‌ బండ్లదే.

ఎంతసేపు తెరవాలి?

క్యామ్‌ ఎంపికలో మొదట చూసేది డ్యురేషన్‌. వాల్వు ఎన్ని డిగ్రీల పాటు తెరుచుకుని ఉంటుందన్న లెక్క ఇది. డిగ్రీలు మారకపోయినా, వేగం పెరిగేకొద్దీ సమయం కరిగిపోతుంది. 280 డిగ్రీల క్యామ్‌నే తీసుకోండి. ఇంజిన్‌ వెయ్యి ఆర్‌పీఎంలో ఉన్నప్పుడు వాల్వు సుమారు 47 మిల్లీసెకన్లు తెరిచి ఉంటుంది. అదే 9,000 దగ్గర... అయిదు మిల్లీసెకన్లే! రెప్ప కొట్టడానికి పట్టే సమయంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అంతలోనే సిలిండర్‌ నిండాలి. అందుకే రేసు క్యాములు తలుపుని ముందే తీసి, ఆలస్యంగా మూస్తాయి.

ఆలస్యంగా మూస్తే లోపలికొచ్చిన గాలి వెనక్కి పోదా అన్న సందేహం సహజం. వేగం ఎక్కువున్నప్పుడు పోదు. గొట్టంలో దూసుకొస్తున్న గాలికి ఊపు ఉంటుంది కాబట్టి పిస్టన్‌ పైకి రావడం మొదలుపెట్టినా అది లోపలికి తోసుకొస్తూనే ఉంటుంది. వేగం తక్కువుంటే మాత్రం ఆ ఊపుండదు. వచ్చిన మిశ్రమంలో కొంత వెనక్కి పోతుంది. పెద్ద క్యామ్‌ వేసిన బండి ఖాళీగా నిలబడి ఉన్నప్పుడు గుడగుడలాడుతూ ఊగిపోయేది ఇందువల్లే. ఇన్‌లెట్‌, ఎగ్జాస్టు వాల్వులు రెండూ ఒకేసారి కాస్త తెరుచుకుని ఉండే సమయం, అంటే ఓవర్‌ల్యాప్‌, ఎక్కువుండటం మరో కారణం. ఆ గుడగుడ విని ‘అబ్బ, ఏం బండిరా’ అనుకుంటాం కానీ, పికప్‌ లేదని ఇంజిన్‌ పెట్టే మొర అది.

ఎత్తుకీ హద్దుంది

రెండోది లిఫ్టు. అంటే వాల్వు ఎంత లోతుకి తెరుచుకుంటుందన్నది. ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకుంటారు కానీ దానికో చిన్న లెక్కుంది. వాల్వు వ్యాసంలో నాలుగో వంతు మేరకు తెరిస్తే చుట్టూ ఏర్పడే సందు, వాల్వు నోటి వైశాల్యానికి సమానమైపోతుంది. 30 మిల్లీమీటర్ల వాల్వుకైతే అది ఏడున్నర మిల్లీమీటర్లు. అక్కణ్నుంచి గాలిని ఆపేది వాల్వు కాదు, హెడ్‌లోని దారి. ఆ దారిని సరిచేయకుండా లిఫ్టు పెంచుకుంటూపోతే దక్కేది కొంచెమే. స్ప్రింగులకి మాత్రం శిక్ష. రేసు క్యాములు ఆ గీత దాటతాయి నిజమే కానీ, వాటికి తగ్గట్టు హెడ్‌ కూడా తయారై ఉంటుంది.

గేరు మారితే తెలుస్తుంది

అసలు కిటుకు ఇక్కడుంది. క్యాటలాగులో అందరి కళ్లూ గరిష్ఠ గుర్రపుశక్తి అంకె మీదే పడతాయి. పందెంలో ఇంజిన్‌ ఆ అంకె దగ్గర ఉండేది కాసేపే.

మొదటి గేరు నిష్పత్తి 3, రెండోది 2 ఉన్న బండిని ఊహించుకోండి. 9,000 దగ్గర గేరు మార్చితే ఆర్‌పీఎం ఒక్కసారిగా 6,000కి పడిపోతుంది. అక్కణ్నుంచి మళ్లీ 9,000కి ఎక్కాలి. ఈ ఇంజిన్‌కి కావాల్సింది ఆరు నుంచి తొమ్మిది వేల దాకా సమంగా లాగే క్యామ్‌. ఏడున్నర వేల దగ్గర మేలుకుని పదివేల దగ్గర విజృంభించే క్యామ్‌ వేస్తే... కాగితం మీద శక్తి ఎక్కువే. ట్రాక్‌ మీద మాత్రం గేరు మార్చిన ప్రతిసారీ బండి నీరసపడుతుంది. ఈలోగా చిన్న క్యామ్‌ వేసినవాడు ముందుకెళ్లిపోతాడు. గేర్లు దగ్గరదగ్గరగా ఉంటే పెద్ద క్యామ్‌కి అవకాశం ఉంటుంది. దూరందూరంగా ఉంటే కాస్త తగ్గాల్సిందే. బండి బరువు, టైరు పట్టు, ఎంత ఆర్‌పీఎంలో క్లచ్‌ వదులుతారన్నదీ లెక్కలోకొస్తాయి. అందుకే అనుభవజ్ఞులు ముందు గేర్ల లెక్క వేసుకుని ఆ తర్వాతే క్యామ్‌ వెతుకుతారు.

ఈ ఇబ్బందిని కంపెనీలు మరోలా దాటాయి. యమహా ఆర్‌15 మూడో తరం బండి 2018లో మనదేశానికి వచ్చింది. అందులో ఇన్‌లెట్‌ వాల్వులకి రెండు రకాల మిట్టలుంటాయి. ఊళ్లో తిరిగేటప్పుడు ఒకటి, 7,400 ఆర్‌పీఎం చేరాక రెండోది పనిచేస్తాయి. హోండా కార్లలో వీటెక్‌ పేరుతో 1989 నుంచీ ఉన్న ఉపాయమూ ఇలాంటిదే. ఒకే క్యామ్‌ అన్ని వేగాలకీ సరిపోదనడానికి ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి!

ఒకటి మారితే...

క్యామ్‌ ఒక్కటే మార్చి ఊరుకుంటే కుదరదు. ఆలస్యంగా మూసుకునే వాల్వు వల్ల తక్కువ వేగంలో సిలిండర్‌లో ఒత్తిడి తగ్గుతుంది. దాన్ని పూడ్చడానికి కంప్రెషన్‌ పెంచాలి. అది పెరిగితే ఎక్కువ ఆక్టేన్‌ ఇంధనం కావాలి, లేదంటే ఇంజిన్‌ ‘నాకింగ్‌’ కొడుతుంది. పాత స్ప్రింగులు ఆ వేగానికి తట్టుకోలేక వాల్వులు గాల్లో తేలతాయి. కార్బురేటరో ఇంజెక్షన్‌ మ్యాపో మారాలి. ఎగ్జాస్టు పైపు పొడవూ చూడాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైంది పిస్టన్‌కీ వాల్వుకీ మధ్య సందు. పిస్టన్‌ పైకొచ్చే వేళకి వాల్వు ఇంకా కిందే ఉంటే రెండూ గుద్దుకుంటాయి. వాల్వు వంగుతుంది, పిస్టన్‌ పగులుతుంది. ఇంజిన్‌ కథ అక్కడితో సరి. దీన్ని పరీక్షించడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే ముద్దని పిస్టన్‌ మీద అంటించి, హెడ్‌ బిగించి, ఇంజిన్‌ని చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పుతారు. హెడ్‌ విప్పి, నొక్కుకుపోయిన ముద్దని బ్లేడుతో కోసి మందం కొలుస్తారు. సాధారణంగా ఇన్‌లెట్‌ వైపు కనీసం రెండు మిల్లీమీటర్లు, ఎక్కువ వేడెక్కే ఎగ్జాస్టు వైపు రెండున్నర ఉండేలా చూసుకుంటారు. ఆనక డిగ్రీ చక్రం, డయల్‌ గేజి పెట్టి క్యామ్‌ కార్డులోని అంకెలు ఇంజిన్లోనూ అలాగే వస్తున్నాయో లేదో సరిచూస్తారు. క్యామ్‌ని రెండుమూడు డిగ్రీలు ముందుకి జరిపితే కింది వేగాల్లో లాగుడు పెరుగుతుంది, వెనక్కి జరిపితే పైవేగాల్లో.

ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీ క్యామ్‌నే మళ్లీ సానపట్టించేవాళ్లూ ఉన్నారు. అడుగుభాగాన్ని అరగదీస్తే కొన ఎత్తు పెరిగినట్టవుతుంది. కానీ పైపొర గట్టిదనం పోతే మిట్టలు తొందరగా అరిగిపోతాయి. ట్యాపెట్‌ సందునీ మళ్లీ సరిచేసుకోవాల్సిందే.

రోడ్డు మీది నుంచి ట్రాక్‌ మీదికి

ఈ విద్య అమెరికాలో షెడ్లలోనే పెరిగింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత లాస్‌ ఏంజెలిస్‌లో ఎడ్‌ ఇస్కెండేరియన్‌ అనే కుర్రాడు క్యాములు సానపట్టడం మొదలుపెట్టి ఆ రంగానికే పెద్దదిక్కయ్యాడు. రోడ్ల మీద పందేలు కాసే యువతని ట్రాక్‌ మీదికి మళ్లించాలని వాలీ పార్క్స్‌ 1951లో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ సంస్థని స్థాపించాడు. అందులో 1970లో మొదలైన ప్రో స్టాక్‌ విభాగంలో ఈనాటికీ టర్బోలు నిషిద్ధం. సుమారు 8.2 లీటర్ల ఇంజిన్లు సొంత ఊపిరితోనే పావుమైలుని ఆరున్నర సెకన్లలో ముగించేస్తాయి.

మన దగ్గర మోటారు పందేల వ్యవహారాలు చూసేది ఎఫ్‌ఎంఎస్‌సీఐ. చెన్నై శివారు శ్రీపెరుంబుదూరు దగ్గరి ట్రాక్‌ మీద జాతీయ మోటార్‌సైకిల్‌ డ్రాగ్‌ పోటీలు జరిగాయి. బెంగళూరుకి చెందిన హేమంత్‌ ముద్దప్ప అలాంటి పోటీల్లోనే పలుమార్లు జాతీయ టైటిళ్లు గెలిచాడు.

వనపర్తి పక్కనుంచే 44వ నంబరు జాతీయ రహదారి వెళుతుంది. నున్నటి నాలుగు వరుసల దారి చూస్తే కుర్రాళ్లకి చెయ్యి దురద పెట్టడం సహజమే. కానీ ఆ దారి మీద ట్రాక్టర్లుంటాయి, గొర్రెల మందలుంటాయి, పొలం నుంచి ఇంటికెళ్లే అమ్మానాన్నలుంటారు. రోడ్డు మీద పందెం కాస్తే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మొదటిసారికి మూడు నెలల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. బండిని చట్టవిరుద్ధంగా మార్చినా శిక్షే. నడిపింది మైనరైతే తండ్రో బండి యజమానో మూడేళ్ల దాకా జైలుకెళ్లాల్సి రావచ్చు, పాతికవేల జరిమానా అదనం.

ఇంట్లో కుర్రాడు బండి విప్పుకుని కూర్చుంటే తిట్టి లేపేయక్కర్లేదు. గేర్ల లెక్క వేశావా, క్లే పెట్టి చూశావా అని అడిగి చూడండి. జవాబు చెప్పగలిగితే చేతిలో విద్య ఉన్నట్టే, దానికో ట్రాక్‌ చూపించొచ్చు. చెప్పలేకపోతే... క్యామ్‌ కొనే డబ్బు ఇంకొన్నాళ్లు బ్యాంకులోనే భద్రం!