భయం ముందా, గుండె దడ ముందా?

భయం వేస్తే గుండె దడదడలాడుతుందని లోకం నమ్మకం. 1884లో అమెరికన్ మనోవిజ్ఞాని విలియం జేమ్స్ దీన్ని తిరగేశాడు: ముందు శరీరం స్పందిస్తుంది, ఆ మార్పును మనసు పసిగట్టడమే భావోద్వేగం. 1927లో శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ దీన్ని ఒప్పుకోలేదు. కోపానికీ భయానికీ గుండె ఒకేలా కొట్టుకుంటే తేడా ఎలా తెలుస్తుందని కానన్ ప్రశ్న. గట్టి ప్రశ్నే. ఒంట్లోని ఉద్రేకానికి సందర్భాన్ని బట్టి మనసే పేరు పెడుతుందని 1962లో మనోవిజ్ఞానులు షాక్టర్, సింగర్ జవాబు చెప్పారు.

మెదడులో భయం లాంటి భావోద్వేగాలకు కీలకమైనది కణతల లోపల బాదంగింజంత ఉండే అమిగ్డలా. ప్రమాద సూచన మెదడు పైపొర అయిన కార్టెక్స్ దాకా వెళ్లకుండానే, ఇంద్రియ సమాచారాన్ని అందించే థలామస్ నుంచి అడ్డదారిలో దీన్ని చేరగలదని న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు జోసెఫ్ లెడూ ఎలుకల్లో చూపాడు. అలాగని దీన్ని భయం కొలువు అనడం తొందరపాటే. ఆ మాటను లెడూయే తరువాత కాదన్నాడు. పక్కనున్న హిప్పోకాంపస్ జ్ఞాపకాన్ని, నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అదుపును చూస్తాయి.

భయానక జ్ఞాపకాల్లో అమిగ్డలా పాత్ర మనుషుల్లోనూ కనిపించింది. 2001 సెప్టెంబరు 11న ఉగ్రవాద దాడిలో న్యూయార్క్‌లోని మన్‌హట్టన్‌లో జంట భవనాలు కూలాయి. మూడేళ్ల తరువాత మనోవిజ్ఞాని ఎలిజబెత్ ఫెల్ప్స్ బృందం ఆనాడు మన్‌హట్టన్‌లో ఉన్న కొందరి మెదళ్లను స్కాన్ చేసింది. ఆ రోజును తలుచుకున్నప్పుడు అమిగ్డలా ప్రత్యేకంగా చురుకైంది ఎక్కువగా ఆ భవనాలకు దగ్గరలో ఉన్నవారిలోనే. ఫలితాలు 2007లో వెలువడ్డాయి.