కెంపు, గార్నెట్: రెండు ఎర్ర రాళ్లు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– కెంపుకు, గార్నెట్‌కు గల భౌతిక ధర్మాల తేడాలను చెప్పగలుగుతారు.
– జ్యోతిషంలో వీటి వాడకాన్ని వివరించగలుగుతారు.
– రాయి కొనేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను తెలుసుకుంటారు.

1. ఇవి ఎక్కడ దొరుకుతాయి?

బస్తర్ ప్రాంతపు దక్షిణ కొసన, తెలంగాణ సరిహద్దు దగ్గర మరైగూడ గ్రామం ఉంది. దీనికి వాయవ్యంగా, బీజాపూర్ జిల్లా భోపాలపట్నం ప్రాంతంలోని కుచ్నూరు వద్ద కురువిందం అనే ఖనిజం లభిస్తుంది. కురువిందంలో ఎర్రని రకాన్నే కెంపు అంటాం. మరైగూడకు నైరుతిగా, గోదావరి దాటి వెళితే, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో గరీబ్‌పేట గుట్ట ఉంది. అక్కడ గార్నెట్ లభిస్తుంది. పుదుచ్చేరి దగ్గరి ప్రాచీన రేవు అరికమేడులో దొరికిన గార్నెట్లకు గరీబ్‌పేట గార్నెట్లతో సంబంధం ఉందని 2017లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది.

రెండు రాళ్లూ ఎర్రనివే. కాని మేలైన కెంపు ధర గార్నెట్ ధరకు ఎన్నో రెట్లు. అందువల్ల గార్నెట్‌ను కెంపుగా చూపి అమ్మే మోసం జరుగుతుంది.

2. భౌతిక ధర్మాలు

రసాయన స్వభావం: కెంపు అల్యూమినియం ఆక్సైడ్. అందులో కొద్దిగా ఉండే క్రోమియం వల్ల ఎరుపు రంగు వస్తుంది. గరీబ్‌పేట గార్నెట్ ఇనుము, అల్యూమినియం గల సిలికేట్. దాని రంగుకు ఇనుము కారణం.

కాఠిన్యం: 1 నుంచి 10 వరకు ఉండే మో కొలమానంలో కెంపు 9, గార్నెట్ సుమారు 7 నుంచి 7.5. వజ్రం 10.

సాంద్రత: కెంపుది దాదాపు 4. ఈ రకం గార్నెట్‌ది కూడా 4కు దగ్గరగా లేదా కాస్త ఎక్కువగా ఉంటుంది. కాబట్టి చేతిలో తూచి తేడా చెప్పలేం.

కాంతి ధర్మం: కెంపులో ప్రవేశించిన కాంతి కిరణం రెండుగా చీలుతుంది. గార్నెట్‌లో అలా చీలదు. ప్రయోగశాలలో ఈ రెండింటినీ వేరు చేయడానికి ఇది ముఖ్యమైన ఆధారం.

అయస్కాంత ధర్మం: ఇనుము ఎక్కువగా ఉన్నందువల్ల గార్నెట్ బలమైన అయస్కాంతానికి స్పందిస్తుంది. కెంపు స్పందించదు.

3. జ్యోతిషంలో వాడకం

నవరత్నాలలో కెంపు రవికి చెందినదని జ్యోతిషులు చెబుతారు. సాధారణంగా బంగారంలో పొదిగి, ఉంగరపు వేలికి, ఆదివారం నాడు ధరించమంటారు. కెంపు కొనే స్తోమత లేనివారికి ఎర్ర గార్నెట్‌ను ఉపరత్నంగా సూచిస్తారు. రాహువుకు చెప్పే గోమేధికం కూడా గార్నెట్ కుటుంబంలోనిదే. అది తేనె రంగులో ఉంటుంది.

ఇవి నమ్మకానికి సంబంధించిన విషయాలు. రాయి ధరిస్తే రోగం నయమవుతుందని గాని, అప్పు తీరుతుందని గాని శాస్త్రపరంగా రుజువు కాలేదు. వైద్యం మాని రాయి ధరించడం ప్రమాదకరం. అప్పు చేసి రాయి కొంటే అప్పు పెరుగుతుందే తప్ప తగ్గదు.

4. కొనేటప్పుడు జాగ్రత్తలు

– కృత్రిమ కెంపు తయారీ పద్ధతిని ఫ్రాన్సుకు చెందిన వెర్నూయి 1902లో ప్రకటించాడు. కృత్రిమ కెంపుకు కూడా కాఠిన్యం 9 ఉంటుంది. కనుక గీసి చూసినంత మాత్రాన సహజమైనదని తేలదు. పైగా రాయి పాడవుతుంది.
– పగుళ్లలో గాజు నింపిన కెంపులు కూడా బజారులో ఉన్నాయి.
– రాయి పేరు, సహజమా కృత్రిమమా అన్న వివరం, బరువు రాసిన రసీదు అడగండి. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు.
– ఎక్కువ ధర పెట్టేముందు రత్న పరీక్షా కేంద్రం ఇచ్చే ధృవపత్రం చూడండి.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. కెంపు, గార్నెట్‌లను బరువును బట్టి ఎందుకు గుర్తించలేం?
2. గార్నెట్ అయస్కాంతానికి ఎందుకు స్పందిస్తుంది?
3. మీ బంధువు ఒకరు అప్పు చేసి కెంపు కొనాలనుకుంటున్నారు. వారికి మీరిచ్చే సలహాను ఐదు వాక్యాలలో రాయండి.