బిల్లు చిన్నదైన ఇంటిపై సౌరఫలకం: పెట్టుబడి ఎవరిది, పొదుపు ఎవరిది?

పైకప్పు సౌర విద్యుత్తును గురించి గ్రామసభలలో మనం చెప్పే మాట సాధారణంగా ఒక్కటే. ఫలకాలు అమర్చుకుంటే విద్యుత్తు బిల్లు తగ్గుతుంది, తగ్గిన బిల్లుతోనే బ్యాంకు వాయిదా తీరుతుంది, ఐదారేళ్ల తరువాత వచ్చేదంతా మిగులే. నెలకు 300 యూనిట్లు వాడే కుటుంబం విషయంలో ఇది నిజం. నెలకు 75 యూనిట్లు వాడే కూలి కుటుంబం విషయంలో మాత్రం ఈ లెక్క కుదరదు. సూర్యరశ్మి రెండు డాబాల మీదా సమానంగానే పడుతుంది. పొదుపు మాత్రం విద్యుత్తు ధరల పట్టికను బట్టి పడుతుంది. పేద కుటుంబాలకు, ఊరుమ్మడి భవనాలకు సౌర విద్యుత్తును చేర్చదలచిన విస్తరణ శాస్త్రవేత్త మొదట చూడవలసినది ఈ తేడానే.

ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 నుండి అమలులోకి వచ్చిన గృహ స్లాబులను ఉదాహరణగా తీసుకుందాం. మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు రూ. 1.90, 31 నుండి 75 వరకు రూ. 3, 76 నుండి 125 వరకు రూ. 4.50, 126 నుండి 225 వరకు రూ. 6, ఆపై 400 వరకు రూ. 8.75. స్థిర ఛార్జీలు, ఇతర సర్దుబాట్లు వదిలివేస్తే 300 యూనిట్ల ఇంటికి నెలసరి వినియోగ ఛార్జీ రూ. 1,673 అవుతుంది. 75 యూనిట్ల ఇంటికి అయ్యేది రూ. 192 మాత్రమే.

మన ప్రాంతంలో ఒక కిలోవాట్ సౌర వ్యవస్థ రోజుకు సుమారు 4 యూనిట్లు, అంటే నెలకు 120 యూనిట్ల వరకు ఉత్పత్తి చేస్తుంది. 2 కిలోవాట్ల వ్యవస్థ పెట్టుకున్న పెద్ద వినియోగదారునికి 300 యూనిట్లలో 240 తగ్గి 60 మాత్రమే మిగులుతాయి. తగ్గేవి పై స్లాబులలోని ఖరీదైన యూనిట్లు కనుక బిల్లు రూ. 147కు దిగుతుంది. నెలకు రూ. 1,526 ఆదా. ఇక పెట్టుబడి వైపు చూస్తే, 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్య ఘర్ పథకంలో 2 కిలోవాట్లకు ప్రామాణిక వ్యయం లక్ష రూపాయలు, కేంద్ర రాయితీ రూ. 60,000. మిగిలిన రూ. 40,000కు 7 శాతం వడ్డీతో ఐదేళ్ల రుణం తీసుకుంటే నెలసరి వాయిదా రూ. 792. వాయిదా కట్టగా ఇంకా సగం దాకా చేతిలో మిగులుతుంది.

అదే 2 కిలోవాట్లు 75 యూనిట్ల ఇంటిపై పెడితే బిల్లులో తగ్గేది రూ. 192, కట్టవలసిన వాయిదా రూ. 792. వాడకం పోగా మిగిలే 165 యూనిట్లను పంపిణీ సంస్థ యూనిట్‌కు 3 రూపాయల చొప్పున కొన్నదనుకున్నా వచ్చేది రూ. 495. రెండూ కలిపి రూ. 687. ఒక కిలోవాట్‌తో సరిపెట్టినా తీరు మారదు. రూ. 20,000 రుణానికి వాయిదా రూ. 396, బిల్లు తగ్గుదల, మిగులు విలువ కలిపి రూ. 327. రుణ కాలాన్ని పదేళ్లకు పొడిగిస్తే 2 కిలోవాట్లకు వాయిదా రూ. 464కు దిగి కాగితం మీద లెక్క కుదురుతుంది. అయితే ఆ కుదరడమంతా మిగులు యూనిట్ల సొమ్ము మీద ఆధారపడినది. వాయిదా నెలనెలా వస్తుంది, మిగులు లెక్క గడువుకొకసారి తేలుతుంది. పైగా ప్రామాణిక వ్యయానికే మార్కెట్లో పని పూర్తికావడం అరుదు. డాబాపై మనుషులు తిరిగేందుకు వీలుగా ఎత్తైన ఇనుప చట్రం కావాలంటే అంచనా మరింత పెరుగుతుంది.

ఉచిత విద్యుత్తు పొందుతున్న ఇళ్ల సంగతి ఇంకా స్పష్టం. తెలంగాణలో 2024 మార్చి నుండి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హ కుటుంబాలకు సున్నా బిల్లు వస్తున్నది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఎస్సీ, ఎస్టీ గృహాలకు ఉచిత యూనిట్లు ఉన్నాయి. బిల్లే లేని ఇంటికి బిల్లు తగ్గుతుందని చెప్పి రుణం ఇప్పించడం సలహా అనిపించుకోదు.

రాయితీ చేరే వేళ

రాయితీ ఎంత అన్నదానితో పాటు ఎప్పుడు వస్తుందన్నదీ ముఖ్యమే. సూర్య ఘర్ రాయితీ పరికరాలు అమర్చి, నెట్ మీటరు బిగించి, తనిఖీ ముగిసిన తరువాత వినియోగదారుని ఖాతాలో జమ అవుతుంది. అంతవరకు మొత్తం వ్యయాన్ని ఎవరో ఒకరు భరించాలి. 3 కిలోవాట్ల వరకు హామీ లేని బ్యాంకు రుణం పథకంలో భాగమే. కానీ రుణ దరఖాస్తుకు ముందే కాగితాల చిక్కు ఎదురవుతుంది. ఇంటిపట్టా భార్య పేరున, విద్యుత్తు సర్వీసు ఎన్నడో మరణించిన మామగారి పేరున, బ్యాంకు ఖాతా భర్త పేరున ఉండే ఇళ్లు మన పల్లెలలో తక్కువేమీ కాదు. సర్వీసు పేరు మార్పిడి చేయించడమే చాలాచోట్ల తొలి ఆర్థిక సహాయం.

చెల్లింపు తీరును ఆదాయపు తీరుకు సరిపెట్టడంలో పొరుగు రాష్ట్రమైన కర్ణాటక అనుభవం చదవదగినది. హరీశ్ హందే సహ వ్యవస్థాపకుడుగా 1995లో మొదలైన సెల్కో సంస్థ గ్రామీణ బ్యాంకులతో కలిసి చిన్న సౌర దీపాలకు రుణాలిప్పించింది. నెలకు 300 రూపాయలు కట్టలేని వీధి వ్యాపారి రోజుకు 10 రూపాయలు కట్టగలడన్నది ఆ పనిలో వారు గ్రహించిన విషయం. మొత్తం ఒకటే, చేతికి డబ్బు వచ్చే లయ వేరు. 2003లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కెనరా, సిండికేట్ బ్యాంకులతో కలిసి చేపట్టిన సౌర రుణ పథకం పరికరానికి కాక వడ్డీకి రాయితీ ఇచ్చి, దానిని దశలవారీగా తగ్గించింది. రుణగ్రహీతతో పాటు బ్యాంకు మేనేజరుకూ ఈ సాంకేతికతతో పరిచయం కలగడం దాని అసలు ఫలితమని నా అభిప్రాయం. కూలి డబ్బు వారానికొకసారి, పాల డబ్బు పదిహేను రోజులకొకసారి, పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే ఊళ్లలో ఒకే నమూనా నెలసరి వాయిదా ఎందుకుండాలో బ్యాంకులను అడగవలసినది మనమే.

బిల్లు కట్టేవారే పెట్టుబడిదారు

పొదుపు ఎవరికి చేరుతుందో వారే పెట్టుబడి పెట్టాలన్న సూత్రాన్ని పాటిస్తే పేద ఇళ్ల చిక్కు చాలావరకు విడిపోతుంది. ఉచిత విద్యుత్తు ఇంటి బిల్లును ప్రభుత్వం పంపిణీ సంస్థకు చెల్లిస్తున్నది. సరఫరా వ్యయం యూనిట్‌కు 7 రూపాయలనుకుంటే 75 యూనిట్ల ఇంటికి ఏటా రూ. 6,300 ఖర్చు. కేంద్ర రాయితీ పోగా మిగిలే రూ. 40,000ను ప్రభుత్వమే పెడితే, ఆ 75 యూనిట్ల మీదనే ఆరేళ్ల పైచిలుకులో తిరిగి వస్తుంది. మిగులు యూనిట్లు అదనం. ప్రతి ఏటా కరిగిపోయే సబ్సిడీ ఇరవై ఏళ్లకు పైగా పనిచేసే ఆస్తిగా మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ గృహాలపై 2 కిలోవాట్ల వరకు ఉచితంగా అమర్చే కార్యక్రమం వెనుక ఉన్న తర్కం ఇదే.

ఇందుకు కేంద్ర మార్గదర్శకాలు రెండు దారులు చూపుతున్నాయి. మొదటిది, పునరుత్పాదక ఇంధన సేవా సంస్థ, వాడుకలో రెస్కో, తన పెట్టుబడితో అమర్చడం. రెండవది, పంపిణీ సంస్థ గానీ రాష్ట్రం నియమించిన సంస్థ గానీ అనేక ఇళ్లను కలిపి అమర్చడం. రెండింటిలోనూ కనీసం ఐదేళ్ల పాటు వ్యవస్థ సంస్థ చేతిలో ఉండి, తరువాత ఇంటివారికి బదిలీ అవుతుంది. చెల్లింపుల భద్రతకు రూ. 100 కోట్ల నిధిని కేటాయించారు. ఒక మెలిక ఇందులోనూ ఉంది. పేద ఇంటి వాడకం ఎక్కువగా సాయంత్రం దీపాలకు, ఫ్యాన్లకు, టీవీకి. ఉత్పత్తి మధ్యాహ్నం. పగటి విద్యుత్తు విలువ పంపిణీ సంస్థకు రాత్రి విద్యుత్తు విలువతో సమానం కాదు కనుక పై ఆరేళ్ల లెక్క కొంత ఆశాజనకమైనదే.

ఊరుమ్మడి కప్పులు

పాఠశాల, అంగన్‌వాడీ, పంచాయతీ కార్యాలయం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, మహిళా సమాఖ్య భవనం, రైతు ఉత్పత్తిదారుల సంస్థ గోదాము — వీటికి పగటి వాడకం ఉంది, విశాలమైన స్లాబు ఉంది, యూనిట్ ధర పేద ఇంటికంటే ఎక్కువ. మరి అవి ఎందుకు వెనుకబడినవి? సూర్య ఘర్ రాయితీ గృహాలకే పరిమితం. 2015లో విస్తరించిన తొలి దశ పైకప్పు పథకంలో విద్యాసంస్థలకు, సామాజిక భవనాలకు 30 శాతం సహాయం ఉండేది. 2019 నాటి రెండవ దశ నుండి అది ఆగిపోయింది.

రాయితీ లేకపోయినా లెక్క బాగానే ఉంటుంది. 5 కిలోవాట్ల వ్యవస్థకు రూ. 2,75,000 అయ్యిందనుకుందాం. ఏటా 7,200 యూనిట్లు, యూనిట్ రూ. 7 చొప్పున రూ. 50,400 ఆదా. ఐదున్నర ఏళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుంది. అయితే ఈ ఆదా ఎవరి ఖాతాలో? పాఠశాల బిల్లు శాఖ కడితే ప్రధానోపాధ్యాయునికి ఫలకాలు కడిగించే ఖర్చు మాత్రమే మిగులుతుంది. పంచాయతీ బిల్లులో పెద్ద భాగం వీధి దీపాలు, తాగునీటి మోటారు. దీపాలు రాత్రి వెలుగుతాయి, మోటారు సర్వీసు వేరు మీటరు మీద ఉంటుంది. కార్యాలయపు కప్పు మీద ఉత్పత్తి అయిన యూనిట్లను ఆ మీటర్లకు జమచేసే సామూహిక నెట్ మీటరింగ్ లేకుంటే ప్రయోజనం కార్యాలయపు రెండు ఫ్యాన్లకే దక్కుతుంది. ఢిల్లీ విద్యుత్తు నియంత్రణ మండలి 2019లోనే సామూహిక, వర్చువల్ నెట్ మీటరింగుకు మార్గదర్శకాలు ఇచ్చింది. రెండవ పద్ధతిలో ఒక పాఠశాల కప్పు మీది యూనిట్లు పెంకుటిళ్లలోనూ రేకుల ఇళ్లలోనూ ఉండే ముప్ఫై కుటుంబాల బిల్లులకు జమకాగలవు. సొంత స్లాబు లేనివారికి ఇంతకంటే తగిన దారి నాకు కనిపించదు.

పాల శీతలీకరణ కేంద్రాన్ని చాలామంది సౌర విద్యుత్తుకు ఆదర్శ వినియోగదారుగా పేర్కొంటారు. పాలు వచ్చేది తెల్లవారుజామున, సాయంత్రం. కంప్రెసరు బరువు పడేదీ అప్పుడే. నెట్ మీటరు గానీ మంచునీటి నిల్వ గానీ లేకుండా అక్కడ ఫలకాలు పెట్టడం తొందరపాటు.

పెట్టుబడి సమీకరణలో రెండు అడ్డంకులున్నాయి. 5 కిలోవాట్ల పనికి రెస్కోలు రావు, లావాదేవీ ఖర్చులే లాభాన్ని తినివేస్తాయి. పంచాయతీల బకాయిల చరిత్ర చూసి బ్యాంకులు జంకుతాయి. మొదటిదానికి మందు కలపడం. 2018లో మధ్యప్రదేశ్ అనేక ప్రభుత్వ, విద్యాసంస్థల కప్పులను కలిపి టెండరు పిలిచింది. ప్రతి భవనం కొలతలు, బిల్లులు, ఛాయాచిత్రాలు ముందే సేకరించి బిడ్డర్లకు అందుబాటులో ఉంచడంతో అనిశ్చితి తగ్గింది. రెండవదానికి ఎస్క్రో ఖాతా ఉపకరిస్తుంది. గతంలో కట్టిన బిల్లు మొత్తంలో కొంత భాగం నేరుగా ఆ ఖాతాకు చేరి, అందులో నుండి యూనిట్ ఛార్జీ చెల్లింపు జరగాలి. సామాజిక బాధ్యత నిధులతో ఉచితంగా అమర్చడం సులభమే. కానీ ఆ నిధి ప్రారంభోత్సవంతో ముగుస్తుంది, ఇన్వర్టరు మాత్రం సాధారణంగా పదేళ్లలోపు మార్చవలసి వస్తుంది.

నిర్వహణకు ఆర్థిక ప్రణాళికలో చోటిచ్చిన ఉదాహరణ ఛత్తీస్‌గఢ్. అక్కడి పునరుత్పాదక ఇంధన సంస్థ క్రెడా 2012-16 మధ్య 570 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలపై 2 కిలోవాట్ల వ్యవస్థలు నెలకొల్పి, మరమ్మతు బాధ్యతను తన చేతిలోనే ఉంచుకున్నది. కౌన్సిల్ ఆన్ ఎనర్జీ, ఎన్విరాన్‌మెంట్ అండ్ వాటర్ 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సౌర విద్యుత్తు ఉన్న కేంద్రాలలో నెలవారీ ప్రసవాలు అది లేని కేంద్రాలకంటే దాదాపు రెట్టింపు. అక్కడ ప్రతిఫలం యూనిట్లలో కాక రాత్రివేళ వెలిగిన ప్రసూతి గదిలో ఉంది. బ్యాంకు అంచనా పత్రంలో దానికి గడి లేదు. కనుకనే ఇటువంటి భవనాలకు రుణం కంటే గ్రాంటు సమంజసం. గోదాము, శీతల గిడ్డంగి వంటి ఆదాయం తెచ్చే భవనాలకు రుణం సమంజసం. రెండింటినీ ఒకే పథకంలో కలిపితే రెండూ చెడతాయి.

విద్యార్థులు గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమంలో చేయగలిగిన పని ఒకటి ఇక్కడ ఉంది. ఊరిలోని ప్రతి ఉమ్మడి భవనానికి పన్నెండు నెలల బిల్లులు, సర్వీసు ఎవరి పేరున ఉన్నది, బిల్లు ఎవరు కడుతున్నారు, నీడ పడని స్లాబు ఎన్ని చదరపు మీటర్లు, సెలవులెప్పుడు, నీటి వసతి ఎంత అన్నది నమోదు చేయవచ్చు. కిలోవాట్‌కు సుమారు 10 చదరపు మీటర్ల స్థలం కావాలి. దానికి తోడు ఏటా వ్యయంలో ఒక శాతాన్ని ఇన్వర్టరు మార్పిడికి గ్రామ సమాఖ్య ఖాతాలో జమచేసే తీర్మానం తీసుకోవాలి. 5 కిలోవాట్ల భవనానికి అది ఏడాదికి రూ. 2,750. ఇటువంటి ఇరవై ఊళ్ల పట్టికలు చేతిలో ఉంటే జిల్లా స్థాయిలో ఒక టెండరు పిలవడానికి కావలసిన సమాచారం సిద్ధమైనట్లే.