ఏడు గెలుపులు, తొమ్మిది ఓటములు, అయినా గ్రూపులో ఫస్ట్



నవంబరులో ఒక శనివారం, యూనిఫాం అక్కర్లేని రోజు, మా ఎనిమిదో తరగతి బాబు ఒకడు ముదురు నీలం రంగు జెర్సీ వేసుకొచ్చాడు. దాని మీద 12 అని పెద్ద అంకె. వాళ్ల పెదనాన్నగారి కుటుంబం సియాటిల్ పక్కన రెడ్మండ్‌లో ఉంటుంది, అక్కడి నుంచి పంపారట. అది సియాటిల్ సీహాక్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు జెర్సీ. "12 ఏ ప్లేయర్ నంబర్ నాన్నా?" అని అడిగితే "ప్లేయర్‌ది కాదు మేడం, చూసేవాళ్లది" అన్నాడు. ఆ ఆటలో మైదానంలో ఒక్కో జట్టుకు 11 మంది ఉంటారు. పన్నెండో ఆటగాడు ప్రేక్షకుడే అని ఆ క్లబ్బు 1984లో 12వ నంబరును ఇక ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేసిందట.

ఆ తర్వాత వాడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. "మేడం, 2010లో మా టీం ఏడు గెలిచి తొమ్మిది ఓడిపోయింది. అయినా గ్రూపులో ఫస్ట్ వచ్చింది. ఎలా?"

సోమవారం చెప్తానన్నాను. ఇంటికెళ్లి చదవడం మొదలుపెట్టాను. చదివే కొద్దీ ఇదేదో నా సంగతే అనిపించింది. మీలో కొందరికి తెలుసు, నేను ఈ జూన్‌లోనే ఈ బ్రాంచికి వచ్చాను. ఎస్ఏ-1 తర్వాత జరిగిన పీటీఎంలో ఒక నాన్నగారు మార్కుల షీటు టేబుల్ మీద పెట్టి, చాలా మర్యాదగానే, "మేడం, టీచర్ మారారు గానీ మార్కులు మారలేదండీ" అన్నారు. నిజమే. మా క్లాసు ఇంగ్లిష్ సగటు పోయిన ఏడాది ఎంతో ఈ ఏడాదీ దాదాపు అంతే. ఆయనకు ఆ రోజు సరైన సమాధానం చెప్పలేకపోయాను. అందుకని ఈ నెల నా పేజీలో వ్యాకరణం పక్కన పెట్టి ఈ జట్టు కథ రాస్తున్నాను.

ముందు ఆట గురించి నాలుగు మాటలు. మనం ఫుట్‌బాల్ అనేదానికీ దీనికీ సంబంధం తక్కువ. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తడం, విసరడం, అడ్డొచ్చినవాళ్లను తోసుకుంటూ పోవడం. మైదానం 100 గజాలు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు, లేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు, ఆ తర్వాత బంతిని కాలితో కొమ్మల మధ్య నుంచి పంపితే ఇంకో పాయింటు. బంతి మన దగ్గరున్నప్పుడు ఆడేవాళ్లు వేరు, లేనప్పుడు అడ్డుకునేవాళ్లు వేరు. బంతిని విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. సినిమాకు హీరో ఎలాగో జట్టుకు వాడు అలాగ. ఇంతవరకు తెలిస్తే చాలు, నాకూ అంతకంటే పెద్దగా తెలియదు.

ఎన్ఎఫ్ఎల్ లీగులో 32 జట్లు. నాలుగేసి జట్ల చొప్పున ఎనిమిది గ్రూపులు. 2010లో ఒక్కో జట్టు 16 మ్యాచ్‌లు ఆడేది, ఇప్పుడు 17 ఆడుతోంది. గ్రూపులో ఫస్ట్ వచ్చినవాళ్లు నేరుగా నాకౌట్‌కు వెళ్తారు. మన బాబు ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఆ ఏడాది సియాటిల్ ఉన్న గ్రూపులో నాలుగు జట్లూ నీరసంగా ఆడాయి. ఒకటి 5 గెలిచింది, ఒకటి 6. సియాటిల్, సెయింట్ లూయిస్ రామ్స్ చెరో 7 గెలిచాయి. వాళ్లలో వాళ్లు ఆడుకున్న రెండు మ్యాచ్‌ల్లోనూ చెరొకటి గెలుచుకున్నారు. అప్పుడు గ్రూపు లోపలి మ్యాచ్‌లు మాత్రమే లెక్కేశారు: సియాటిల్ ఆరింట్లో 4, రామ్స్ 3. సియాటిల్ ఫస్ట్. పూర్తి సీజన్ జరిగిన ఏడాదిలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్న జట్టు గ్రూపులో ఫస్ట్ రావడం లీగు చరిత్రలో అదే మొదటిసారి. అదే ఏడాది మరో గ్రూపుల్లో 16కి 10 గెలిచిన న్యూయార్క్ జెయింట్స్, టాంపా బే జట్లు నాకౌట్‌కు రాలేక ఇంటికెళ్లాయి. అమెరికాలో పెద్ద గోలే అయింది. నన్నడిగితే ఆ రెండు జట్లకూ అన్యాయమే జరిగింది. వీక్ సెక్షన్లో ఫస్ట్ ర్యాంకు, స్ట్రాంగ్ సెక్షన్లో ఐదో ర్యాంకు ఒకటి కావని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ ఏడాది సియాటిల్‌కు కొత్త కోచ్ వచ్చాడు, పేరు పీట్ క్యారల్. అంతకుముందు రెండేళ్లలో జట్టు 4, 5 మ్యాచ్‌లే గెలిచింది. ఆ అయిదు గెలిపించిన కోచ్‌ను ఒక్క ఏడాదికే పంపించేశారు. క్యారల్ అప్పటికి తొమ్మిదేళ్లుగా కాలేజీ జట్టుకు కోచింగ్ ఇస్తున్నాడు. ఆయనతో పాటు ఆటగాళ్లను ఎంచే మేనేజర్‌గా జాన్ ష్నైడర్ వచ్చాడు. ఇద్దరూ కలిసి మొదటి ఏడాదిలో చేసిన పని చూస్తే కొత్తగా చేరిన ఏ టీచరైనా భయపడుతుంది. చేర్చుకోవడాలు, తీసేయడాలు, మార్పిడులు కలిపి రెండు వందలకు పైగా. సీజన్ మొదలవబోతుండగా పేరున్న ఆటగాణ్ణి, ఒప్పందం డబ్బు ఇంకా కట్టాల్సి ఉన్నా, పంపించేశారు.

ఫలితం? మొదటి మ్యాచ్ 31-6తో గెలిచారు. ఆరు మ్యాచ్‌లకు నాలుగు గెలుపులు. అంతా బాగుందనుకునేసరికి 33-3, మరుసటి వారం 41-7 తేడాతో ఓడారు. ఆ ఏడాది ఓడిన తొమ్మిది మ్యాచ్‌ల్లో ఒక్కటీ దగ్గరి ఓటమి కాదు. ప్రతిదీ 15 పాయింట్లు, అంతకంటే ఎక్కువ తేడాతో ఓడిందే. రెండు టచ్‌డౌన్‌లు, వాటి అదనపు పాయింట్లు కలిపితే 14, అంటే ఒక్క మ్యాచ్‌లోనూ అందుబాటులో లేరు. సీజన్ మొత్తం వేసింది 310 పాయింట్లు, వేయించుకుంది 407. ఈ కాగితం చూసి ఎవరైనా కోచ్‌ను మెచ్చుకుంటారా?

అయినా నాకౌట్ మ్యాచ్ సియాటిల్‌లోనే జరిగింది, గ్రూప్ ఫస్ట్ కదా. వచ్చింది ముందటేడు చాంపియన్ న్యూ ఓర్లీన్స్ సెయింట్స్. 2011 జనవరి 8. సియాటిల్ 41-36తో గెలిచింది. అక్టోబరులో బఫెలో జట్టు నుంచి తెచ్చుకున్న మార్షాన్ లించ్ అనే ఆటగాడు చివరి పావులో బంతి పట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు మీద పడుతుంటే విదిలించుకుంటూ 67 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. స్టేడియంలో జనం ఎగిరిన ఎగురుడికి దగ్గర్లోని భూకంపాలు నమోదు చేసే యంత్రంలో గీతలు పడ్డాయి. సోమవారం క్లాసులో ఈ ముక్క చెప్పగానే మా పిల్లలందరూ ఒక్కసారి లేచి ఎగిరారు. కింద క్లాసు మేడంగారికి ఈ పేజీలోనే సారీ చెప్పుకుంటున్నాను.

ఆ మరుసటి వారం షికాగోలో ఓడి ఇంటికొచ్చేశారు. నేను మీకు చెప్పాలనుకున్నది ఈ భూకంపం సంగతి కాదు. దాని తర్వాతి ఏడాది సంగతి.

2011లో కూడా సియాటిల్ 7 గెలిచి 9 ఓడింది. అచ్చం అదే మార్కు. ఈసారి నాకౌట్ కూడా లేదు. కోచ్ వచ్చి రెండేళ్లయింది, ప్రోగ్రెస్ కార్డులో అంకె కదల్లేదు. అప్పటి క్లబ్బు యజమాని పాల్ అలెన్, మైక్రోసాఫ్ట్ స్థాపకుల్లో ఒకరు. అంతకుముందు కోచ్‌ను ఏడాదికే పంపించిన యజమాని కూడా ఆయనే. మరి ఈసారి ఎందుకు ఆగారు? ఆయన మనసులో ఏముందో నేను చెప్పలేను గానీ, ఆ అంకె పక్కనే ఇంకో అంకె ఉంది. మొదటి ఏడాది జట్టు వేయించుకున్న పాయింట్లు 407. రెండో ఏడాది 315. వేసినవి 321. అంటే రెండు ఏళ్లూ 7 గెలుపులే, కానీ మొదటి ఏడాది మొత్తం మీద 97 పాయింట్లు వెనక, రెండో ఏడాది 6 పాయింట్లు ముందు. ఒక పిల్లవాడికి రెండు పరీక్షల్లోనూ 48 వచ్చాయనుకోండి. మొదటిసారి సగం ప్రశ్నలు వదిలేశాడు. రెండోసారి అన్నీ రాశాడు, స్పెల్లింగుల దగ్గర మార్కులు పోయాయి. ఆ రెండు 48లూ ఒకటేనా? పేపరు తెరిస్తే గానీ తెలియదు.

ఈ 92 పాయింట్లు ఎలా తగ్గాయి? చాలావరకు కొత్త పిల్లల వల్ల. ఆ లీగులో కాలేజీ నుంచి వచ్చే ఆటగాళ్లను మన ఐపీఎల్ వేలంలా డబ్బు పెట్టి కొనరు. వంతులవారీగా ఎంచుకుంటారు, దాన్ని డ్రాఫ్టు అంటారు. ఎక్కువ ఓడిన జట్టుకు ముందు వంతు. క్యారల్ మొదటి డ్రాఫ్టులో 14వ వంతులో ఎర్ల్ థామస్ వచ్చాడు, మొదటి ఏడాదే అన్ని మ్యాచ్‌లూ ఆడాడు. అదే డ్రాఫ్టులో 133వ వంతులో కామ్ ఛాన్సలర్ వచ్చాడు. మొదటి ఏడాది ఎక్కువగా బెంచీ మీదే కూర్చున్నాడు, రెండో ఏడాది మొదటి పదకొండులోకి వచ్చాడు. 2011లో 154వ వంతులో రిచర్డ్ షెర్మన్. కాలేజీలో మొదట బంతి అందుకునే స్థానంలో ఆడి, తర్వాత అడ్డుకునే స్థానానికి మారినవాడు. సీజన్ మధ్యలో ఇద్దరు సీనియర్లకు దెబ్బలు తగిలితే అవకాశం వచ్చింది, ఇక వదల్లేదు. ముందు 153 మందిని ఎంచుకున్నవాళ్లు ఈ అబ్బాయిని వద్దనుకున్నారు. ఈ వాక్యం రాస్తుంటే సెక్షన్లు విడదీసేటప్పుడు మనం చేసే పని గుర్తొచ్చి కాస్త ఇబ్బందిగానే ఉంది.

క్యారల్ ప్రాక్టీసు పద్ధతి కూడా చదివాను. వారంలో రోజులకు పేర్లు పెట్టాడు. సోమవారం నిజం చెప్పుకునే రోజు, గెలిచినా ఓడినా వీడియో ముందు కూర్చుని ఎక్కడ తప్పు జరిగిందో మాట్లాడుకోవాలి. బుధవారం పోటీ రోజు, సీనియర్, జూనియర్ తేడా లేకుండా తమ స్థానం కోసం ఆడి చూపించాలి. సోమవారం పద్ధతి నేను మా క్లాసులో మొదలుపెట్టాను. శుక్రవారం రాసిన పేరాగ్రాఫులో తప్పు ఎవరికి వాళ్లే వెతుక్కుని చెప్పాలి. మొదటి వారం ఎవరూ నోరు విప్పలేదు. ఇప్పుడు ఆపడం కష్టంగా ఉంది.

2012లో సియాటిల్ 11 గెలిచింది, వేయించుకున్న పాయింట్లు 245. 2013లో 13 గెలిచింది, 231. ఆ రెండేళ్లూ లీగు మొత్తంలో అందరికంటే తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టు ఇదే. 2014 ఫిబ్రవరి 2న జరిగిన ఫైనల్లో డెన్వర్‌ను 43-8తో ఓడించి సూపర్ బౌల్ గెలిచింది. క్యారల్ మొత్తం 14 సీజన్లు అక్కడే ఉన్నాడు.

ఓపిక పడితే అందరికీ ఇలాగే అవుతుందని నేను అనడం లేదు. ఎన్నో జట్లు ఓపిక పట్టీ ఏమీ సాధించలేదు. కానీ ఇదే క్యారల్‌కు 1994లో న్యూయార్క్ జెట్స్ అవకాశమిచ్చింది. మొదటి 11 మ్యాచ్‌ల్లో 6 గెలిచి, చివరి అయిదూ ఓడాడు. 6 గెలుపులు, 10 ఓటములు. ఒక్క ఏడాదికే తీసేశారు. కొత్త కోచ్ వచ్చాక జెట్స్ మరుసటి ఏడాది 3 గెలిచింది, ఆ పై ఏడాది ఒక్కటి. జెట్స్‌లో 6 గెలిచిన మనిషి, సియాటిల్‌లో 7 గెలిచిన మనిషి ఒక్కరే. ఒక్క గెలుపు తేడా.

పీటీఎంలో నన్ను అడిగిన ఆ నాన్నగారి ప్రశ్న తప్పు కాదు. ఫీజు కడుతున్నారు, అడిగే హక్కు ఉంది. నేను చేయాల్సింది 407 పక్కన 315 చూపించడం. అది ఆ రోజు నా దగ్గర సిద్ధంగా లేదు. సంక్రాంతి సెలవుల తర్వాత పీటీఎంకు మీరు వచ్చినప్పుడు మార్కుల షీటుతో పాటు ప్రతి పిల్లవాడు జూన్ చివరి వారంలో రాసిన పేరాగ్రాఫు, డిసెంబరులో రాసిన పేరాగ్రాఫు పక్కపక్కన పెడతాను. ఎన్ని వాక్యాలు సొంతంగా రాశాడో, ఎన్ని గైడులోవో పెన్సిల్‌తో గుర్తుపెట్టి ఉంచాను. అయిదుగురి పేజీల్లో ఆర్నెల్లలో ఏ తేడా కనిపించలేదు, అవి కూడా దాచను. ఆ అయిదుగురి తల్లిదండ్రులు దయచేసి పది నిమిషాలు ఎక్కువ టైం ఉంచుకుని రండి.