సైకిలు ప్రయాణములోని కష్టసుఖములు

మన ఊళ్లలో సైకిలు తొక్కుట రానివారు అరుదు. తండ్రిగారి సైకిలును చడీచప్పుడు లేకుండ వీధిలోనికి నడిపించుకొనిపోయి, సీటు అందక, అడ్డకడ్డీ క్రిందుగా కాలు దూర్చి తొక్కి, మోకాళ్లు పగులగొట్టుకొనియే మనలో చాలమంది ఈ విద్య నేర్చితిమి. నేర్చిన తరువాత దానినిగూర్చి ఆలోచించుట మానివేసితిమి. ఒకనాడు హాయిగా సాగిన త్రోవయే మరునాడు మనలను ఆయాసపెట్టుటకు కారణమేమో మనము అడుగము. ప్రతిదినము సైకిలుపై బడికో పనికో పోవువానికి ఇది వట్టి వేడుక ప్రశ్న కాదు. వేళకు చేరుటయు, క్షేమముగా ఇంటికి తిరిగివచ్చుటయు దానిపై ఆధారపడియుండును.

నేనీ సంగతి తెలిసికొన్నది గోదావరి వంతెనమీద. 1980 ప్రాంతమున మా కుటుంబము కొవ్వూరులో నుండెడిది. నేను రాజమండ్రిలోని ఒక కళాశాలలో చదువుకొనుచుంటిని. రెండు ఊళ్లకు నడుమ అఖండ గోదావరి. 1900లో పూర్తియైన పాత వంతెనపై ఆ కాలమున రైళ్లు మాత్రమే నడచెడివి. 1974లో తెరచిన క్రొత్త వంతెనకు రెండంతస్తులు గలవు. క్రింది అంతస్తున రైలు, పై అంతస్తున రోడ్డు. రైలు భాగము పొడవు ఇంచుమించు 2.8 కిలోమీటర్లు, రోడ్డు భాగము పొడవు 4.1 కిలోమీటర్లు. ఒకే నదిని దాటుటకు రోడ్డునకు అంత అధికమైన పొడవెందుకని మీరు అడుగవచ్చును. అది రైలుదారికి పైగా పోవలెను గదా! అందుచేత నదికి చాల ముందుగనే మెల్లమెల్లగా ఎత్తునకు లేచి, నదిని దాటి, ఆవలి ఒడ్డున మరల మెల్లమెల్లగా దిగును. బస్సులో కూర్చున్నవానికి ఈ ఎక్కుడు కానరాదు. సైకిలువాని కాళ్లకు మాత్రము అది దాగదు. వానికి రౌతును తానే, గుఱ్ఱమును తానే.

మనిషి తనకు తానే గుఱ్ఱమగు ఈ ఉపాయము పుట్టి రెండువందల ఏండ్లు దాటినవి. 1817లో జర్మనీ దేశమున మన్‌హైమ్ నగరములో కార్ల్ డ్రైస్ అను నతడు రెండు చక్రముల కొయ్యబండి నొకదానిని చేసెను. దానికి పెడళ్లు లేవు. ఎక్కినవాడు కాళ్లతో నేలను తన్నుకొనుచు పోవలసినదే. 1860 తరువాత పారిస్ నగరమున ముందు చక్రమునకు పెడళ్లు అమర్చిరి. చక్రము పెద్దదైనకొలది వేగము హెచ్చును గనుక అది క్రమముగా మనిషి భుజమంత ఎత్తునకు పెరిగెను. అంత ఎత్తునుండి పడుటయు సులభమే అయ్యెను. 1885లో ఇంగ్లండులోని కవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ అను నతడు రెండు చక్రములను ఇంచుమించు సమానముగా చేసి, చైనుతో వెనుక చక్రమును త్రిప్పు ‘రోవర్’ సైకిలును వెలువరించెను. 1888లో డన్‌లప్ అను పశువైద్యుడు బెల్‌ఫాస్ట్‌లో తన కుమారుని మూడుచక్రముల బండికి గాలి నింపిన టైర్లు అమర్చెను. మన నేటి సైకిలు రూపము అంతటితో ఏర్పడినదనియే చెప్పవచ్చును.

నా సైకిలు మా తండ్రిగారు వాడి ఇచ్చినది. ముందు పండ్ల చక్రమునకు 44 పండ్లు, వెనుక దానికి 18. పెడలు ఒకసారి పూర్తిగా తిరిగినచో సైకిలు ఇంచుమించు అయిదున్నర మీటర్లు సాగును. అనగా వంతెన దాటుటకు పెడలును దాదాపు 750 సార్లు త్రిప్పవలెను. నేటి సైకిళ్లలో కొన్నిటికి చైనును చిన్న పెద్ద పండ్ల చక్రములమీదికి మార్చుకొను వీలున్నది. ఎక్కుడు వచ్చినపుడు దూరము తగ్గించుకొని బలము పొదుపు చేసికొనవచ్చును. నా సైకిలునకు ఆ వీలు లేదు. మనిషియు, సైకిలును, పుస్తకముల సంచియు కలిసి 80 కిలోలనుకొందము. 40 మీటర్లు సాగునప్పటికి ఒక మీటరు పైకి లేచు రోడ్డుమీద ఆ బరువులో నలువదవ వంతు, అనగా 2 కిలోల బరువును త్రాడుకట్టి వెనుకకు లాగుచున్నట్లుండును. రెండు కిలోలే గదా అని నవ్వకుడు. వందలకొలది సార్లు పెడలు త్రిప్పు కాళ్లకు అది బియ్యపుమూటయంత బరువుగా తోచును.

ఎక్కుడున మరియొక చిక్కు గలదు. సైకిలు ఏ ప్రక్కకు ఒరిగిన ఆ ప్రక్కకే హ్యాండిలును కొంచెము త్రిప్పి మనము పడకుండ నిలుచుచున్నాము. మనకు తెలియకయే ఈ పని నిమిషమునకు అనేక పర్యాయములు చేయుచుందుము. వేగముగా పోవునపుడు రవ్వంత త్రిప్పిన చాలును. మెల్లగా పోవునపుడు ఎక్కువగా త్రిప్పవలసియుండును. అందుచేత ఎక్కుడున సైకిలు పామువలె మెలికలు తిరుగును. ప్రక్కనుండి లారీ దాటుచున్నపుడు ఈ మెలికలే ప్రాణాపాయకరములు. అట్టి వేళ దిగి నడచుటకు సిగ్గుపడవలసిన పనిలేదు. నేను తొలుత సిగ్గుపడితిని; ఒకసారి లారీ వెనుక చక్రము నా మోచేతికి జానెడు దూరమున పోయినపిమ్మట సిగ్గు విడిచితిని.

అయినను ఎక్కుడు కంటికి కనబడు శత్రువు. గాలి అట్టిది కాదు. ఆషాఢ శ్రావణ మాసములలో మా వైపున పడమటిగాలి దినముల తరబడి వీచును. కొవ్వూరు గోదావరికి పడమటి ఒడ్డున, రాజమండ్రి తూర్పు ఒడ్డున ఉన్నవి. కావున ఉదయము నేను పోవునపుడు గాలి నా వెనుకనుండెడిది. కాని వెనుక గాలి యున్నదని నాకు తెలిసెడిది కాదు. గాలి వేగమును మన వేగమును ఇంచుమించు సమానమైనపుడు ముఖమునకు గాలి తగులదు, చొక్కా కదలదు, లోకమంతయు నిశ్చలముగా నున్నట్లు తోచును. సైకిలు మాత్రము తేలికగా పరుగెత్తుచుండును. నా కాళ్లలో బలము పెరిగినదనియు, నిన్న చైనునకు నూనె వేసినందున బండి బాగుపడినదనియు నేను మురిసిపోయెడివాడను. సాయంకాలము తిరుగుముఖము పట్టగనే ఆ భ్రమ తొలగిపోయెడిది.

గాలి ఒత్తిడి వేగముతోపాటు సమముగా పెరుగదు. ముఖమునకు తగులు గాలి వేగము రెట్టింపైనచో దాని ఒత్తిడి నాలుగింతలగును, మూడింతలైనచో తొమ్మిదింతలగును. గాలిలేని దినమున గంటకు 15 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నామనుకొనుడు. అంతే వేగముగల గాలి ఎదురు వచ్చినచో మన ముఖమునకు తగులు గాలి వేగము 30 అగును. ఒత్తిడి నాలుగింతలైనందున మన వేగము తగ్గక తప్పదు.

ఉదయము కలిసివచ్చినది సాయంకాలము పోవును, లెక్క సరిపోవును గదా అని కొందరందురు. నేనును అట్లే అనుకొంటిని. గణితము చేసి చూడుడు. వంతెన నాలుగు కిలోమీటర్లనుకొందము. గాలిలేనిచో గంటకు 15 కిలోమీటర్ల వేగముతో పోవుటకు 16 నిమిషములు, వచ్చుటకు 16 నిమిషములు; వెరసి 32. పడమటిగాలి వలన ఉదయము 20, సాయంకాలము 10 కిలోమీటర్ల వేగముతో తొక్కినచో పోవుటకు 12 నిమిషములు, వచ్చుటకు 24; వెరసి 36. లాభము నాలుగు నిమిషములు, నష్టము ఎనిమిది! మేలు చేయు గాలితో మనము గడపు కాలము తక్కువ, కీడు చేయు గాలితో గడపు కాలము ఎక్కువ అగుటయే ఇందులకు కారణము. ఎక్కుడు దిగుడుల విషయమునను ఇదే లెక్క. ఎక్కుడున పోగొట్టుకొన్న కాలమును దిగుడు పూర్తిగా తిరిగి ఈయదు.

ఈ గాలిని తప్పించుకొను ఉపాయము నాకు పాలక్యానులు కట్టుకొని పట్టణమునకు వచ్చిపోవువారు నేర్పిరి. సాయంకాలము వారు నలుగురైదుగురు ఒకరి వెనుక నొకరుగా, నడుమ కొద్దిపాటి ఎడముతో పోవుచుండిరి. ముందున్నవాడు గాలిని చీల్చును. వెనుకవారికి శ్రమ తగ్గును. కొంతదూరము పోయిన తరువాత ముందువాడు ప్రక్కకు తొలగి వరుస చివరకు చేరును. ఒకనాడు నేనును వెనుక చేరగా, నావంతు వచ్చినపుడు “తమ్ముడూ, ఇంక నువ్వు ముందుకి పద” అని నవ్వుచు పంపిరి. బస్సుల వెనుకను, లారీల వెనుకను ఇట్లు చేరుట మాత్రము కూడదు. అవి చటుక్కున ఆగినచో మనము ఆగలేము.

ఇక పంక్చరుమాట. ముల్లు గ్రుచ్చుకొనుట అదృష్టదోషమని మనమందుము గాని, దానికిని కారణములున్నవి. వెనుక చక్రముపై బరువు హెచ్చు గనుక పంక్చర్లు ఎక్కువగా దానికే అగుచుండును. పడియున్న మేకును ముందు చక్రము కదలించి నిలబెట్టగా వెనుక చక్రము దానిపై ఎక్కుటయు కలదు. గాలి చాలని టైరు గుంట అంచునకు కొట్టుకొన్నపుడు ట్యూబు రిమ్మునకును రాతికిని నడుమ నలిగి, పాముకాటువలె రెండు రంధ్రములు పడును. వానలో తడిసిన గాజుపెంకు రబ్బరును సులువుగా కోయును.

పరీక్షల కాలమున ఒకనాటి ఉదయము ఇంటివద్దనే నా వెనుక టైరు మెత్తబడియుండెను. వంతెనకు ఈవల సైకిలు షాపు పెట్టుకొన్న ముసలియాయన ట్యూబును నీటి పళ్లెములో ముంచి, బుడగలు వచ్చుచోటు గుర్తించి, గరుకుకాగితముతో రుద్ది, సొల్యూషను పూసి, అతుకు వేసెను. పిమ్మట టైరు లోపల వ్రేళ్లతో తడుముటకు పూనుకొనెను. “తాతా, పరీక్షకు వేళయైనది, వేగిరము బిగించు” అంటిని. “చూడనీ బాబూ, ముల్లు లోపలే ఉంటే మళ్లీ దిగుతుంది” అనెను. నేను వినలేదు. వంతెన నడిమికి వచ్చుసరికి టైరు మరల నేలకు కూర్చుండెను. మిగిలిన రెండు కిలోమీటర్లును సైకిలును తోసికొనుచు పరుగెత్తితిని. పరీక్షాశాలలోనికి రానిచ్చిరి గాని, అప్పటికే పావుగంట గడచినది. చివరి ప్రశ్నకు జవాబు వ్రాయకయే కాగితములు ఇచ్చివేసితిని. సాయంకాలము ఆ ముసలియాయన టైరు విప్పి, అరవంగుళము తుమ్మముల్లు మొనను తీసి నా అరచేతిలో పెట్టెను, ఒక్కమాటయు అనలేదు.

వానకాలమున భయపడవలసినది బ్రేకులనుగూర్చి. నా సైకిలున బ్రేకు రబ్బర్లు ఇనుప రిమ్మును ఒత్తి పట్టుకొనవలెను. రిమ్ము తడిసినపుడు వానికి పట్టు దొరకదు. సైకిలు మామూలుకంటె ఎన్నోరెట్లు దూరము జారిపోయి ఆగును. ముందుగా బ్రేకును తేలికగా తాకించి రిమ్మును తుడిచి, తరువాత ఒత్తవలెను. తొలకరి చినుకులు మరింత మోసకారులు. రోడ్డుమీది నూనెయు దుమ్మును తడిసి జిగటగా మారును. వంతెనలపై ఇంకొక జాగ్రత్త అవసరము. ఎండకు ఇనుము సాగును గనుక వంతెన భాగముల నడుమ కీళ్లు ఉంచుదురు. ఆ కీళ్ల ఇనుప అంచులను అడ్డముగా కాక నిటారుగా దాటవలెను.

ఇన్ని కష్టములు చెప్పితినని సైకిలుపై మీకు విరక్తి కలుగరాదు. నడకలో ప్రతి అడుగునకు మన శరీరము కొంత లేచి కొంత దిగుచుండును. సైకిలుపై ఆ బరువును సీటు మోయును. నడచి ఒక కిలోమీటరు పోవుటకు పట్టు శక్తితో సైకిలుపై నాలుగైదు కిలోమీటర్లు పోవచ్చును. వేసవిలో సైతము సాగుచున్నంతసేపు చెమట పోసినట్లుండదు. గాలి దానిని వెంటవెంటనే ఆర్చివేయును. ఆగిన మరుక్షణమే ఒళ్లంతయు తడిసిపోవును. తరగతిలో నా ప్రక్క కూర్చుండు స్నేహితునకు ఈ శాస్త్రము ఎంత చెప్పినను రుచింపలేదు.

సాయంకాలములలో వంతెన మీదనే ప్రొద్దు క్రుంకెడిది. సూర్యుడు ఎదురుగా, గాలియు ఎదురుగా. చీకటి పడగా డైనమో దీపము వేసికొనెడివాడను. అదియు చక్రము త్రిప్పుటచేతనే వెలుగును గనుక, గాలికి వేగము తగ్గినకొలది వెలుగును మందగించెడిది. వెలుతురు మిక్కిలి అవసరమైనపుడే ఆ దీపము ఎర్రబారెడిది. క్రింది అంతస్తున రైలు గడగడలాడుచు నన్ను దాటిపోయెడిది. శ్రావణమాసమున నేను ఏ వేళకు ఇల్లు చేరుదునో గడియారము చెప్పలేకపోయెడిది. మా అమ్మగారు పెరటి కొబ్బరిచెట్టు మట్టల ఊపును చూచి, దానినిబట్టి అన్నమునకు ఎసరు పెట్టెడివారు.