తద్ధర్మమా, వర్తమానమా?

"మా నాన్నగారు బ్యాంకులో పనిచేస్తున్నారు" అన్న తెలుగు వాక్యంలో లోపమేమీ లేదు. మన విద్యార్థి దానిని "మై ఫాదర్ ఈజ్ వర్కింగ్ ఇన్ ఎ బ్యాంక్" అని ఇంగ్లీషులోకి మారుస్తాడు. అందులోనూ వ్యాకరణదోషం లేదు. కాని విన్న ఆంగ్లేయునికి ఆ ఉద్యోగం కొద్దికాలానిదేమోనని తోస్తుంది. పాతికేండ్లుగా అదే కొలువులో ఉన్న తండ్రిని కుమారుడు ఒక్క క్రియారూపంతో తాత్కాలికోద్యోగిని చేసినాడన్నమాట! అక్కడ కావలసినది "మై ఫాదర్ వర్క్స్" అన్న రూపం.

మొదటిదానిని ప్రెజెంట్ కంటిన్యువస్ అనీ, రెండవదానిని సింపుల్ ప్రెజెంట్ అనీ పిల్లలు వల్లెవేస్తూనే ఉన్నారు. అయినా ఏది ఎక్కడ వాడవలెనో తోచక చాలమంది అన్నిచోట్లా మొదటిదానినే వాడుతున్నారు. మాతృభాష అడ్డువస్తున్నదని సాధారణంగా చెప్పే సమాధానం. అది సగమే నిజం. మన వ్యాకరణాన్ని మనమే మరచిపోవటం తక్కిన సగం.

1858లో వెలువడిన బాలవ్యాకరణంలో పరవస్తు చిన్నయసూరి భూత, భవిష్యద్, వర్తమానాలతో పాటు తద్ధర్మమనే నాలుగవ అర్థాన్ని కూడా చెప్పినాడు. వస్తువు స్వభావాన్ని, మనిషి అలవాటును తెలిపేది తద్ధర్మం. "సూర్యుడు తూర్పున ఉదయించును" అంటే ఈ పూట సంగతి కాదు; అది సూర్యుని ధర్మం. ఇంగ్లీషు సింపుల్ ప్రెజెంట్ చేసే ముఖ్యమైన పని ఇదే. "నీరు నూరు డిగ్రీల వద్ద మరుగుతుంది" అనటానికీ, "నీరు మరుగుతున్నది, పొయ్యి తగ్గించు" అనటానికీ గల భేదం తెలియని తెలుగు బిడ్డ లేడు. మొదటిచోట "బాయిల్స్", రెండవచోట "ఈజ్ బాయిలింగ్".

మరి చిక్కెక్కడ వచ్చినది? నేటి వాడుకలో తద్ధర్మమూ, భవిష్యత్తూ ఒక్క రూపంలో కలిసిపోయినవి. "రోజూ వస్తాను" అన్నా, "రేపు వస్తాను" అన్నా క్రియ ఒక్కటే. తరగతిలో "ఐ గో" అన్నది వర్తమానకాలమని చెప్పి, దాని అర్థం "నేను వెళ్తాను" అంటాము. పిల్లవాని చెవికి అది రేపటి మాటగా వినబడుతుంది. "ఐ యామ్ గోయింగ్" అంటే "వెళ్తున్నాను". అది నిస్సందేహంగా నేటి మాట. ఇక వాడు వర్తమానమంతటినీ ఆ రూపానికే అప్పగించటంలో ఆశ్చర్యమేమున్నది? దానికి తోడు ఉద్యోగం, నివాసం వంటి స్థిరమైన విషయాలను కూడా తెలుగులో మనం "పనిచేస్తున్నారు", "ఉంటున్నాము" అని చెప్పటం కద్దు.

అయితే "ఐ యామ్ నోయింగ్", "ఐ యామ్ వాంటింగ్" వంటి వాక్యాల నిందను తెలుగుపై మోపరాదు. "నాకు తెలుసు", "నాకు కావాలి" అంటామే గాని, వీటికి "తున్న" చేర్చి ఎవరూ మాట్లాడరు. ఇవి పనులు కావు, స్థితులు. "తెలుస్తున్నది" అనే రూపం ఉన్నా దాని అర్థం వేరు. "నాకు దారి తెలుసు" అన్నవాడు మనలను తీసుకొనిపోగలడు. "ఇప్పుడిప్పుడే దారి తెలుస్తున్నది" అన్నవాని వెంట నడవటం కొంత సాహసమే! అట్లే "నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు" అన్నచోట "ఐ హ్యావ్" అనవలెను. భోజనం చేస్తున్నప్పుడు మాత్రం "ఐ యామ్ హ్యావింగ్ మై మీల్" అనవచ్చును.

భూతకాలంలో ఈ భేదం కథనే మార్చివేస్తుంది. అతిథి వచ్చినప్పుడు "వుయ్ ఏట్" అంటే ఆయన వచ్చిన తరువాత భోజనానికి కూర్చున్నామని. "వుయ్ వర్ ఈటింగ్" అంటే ఆయన వచ్చేసరికే విస్తళ్ల ముందున్నామని. మర్యాద తెలిసిన ఇంట ఈ రెండూ ఒకటి కావు.

ఈ నియమాలు శాశ్వతాలు కావు. 1600 ప్రాంతపు హామ్లెట్ నాటకంలో, పుస్తకం చదువుతున్న రాకుమారుని ఏమి చదువుతున్నావని పొలోనియస్ సింపుల్ రూపంలోనే అడుగుతాడు. నేడైతే కంటిన్యువస్ రూపమే రావలెను. స్థితివాచకమైన "లవ్" అనే క్రియను మెక్‌డొనాల్డ్స్ సంస్థ 2003లో కంటిన్యువస్ రూపంలో నిలిపి, లోకమంతటా తన ప్రకటనగా చాటినది. భారతీయుల ఇంగ్లీషులో ఈ రూపం మితిమీరటాన్ని నిస్సిం ఎజెకియల్ మిస్ పుష్ప వీడ్కోలు సభను గూర్చిన కవితలో హాస్యానికి వాడుకొన్నాడు. కవి నవ్వించవచ్చును, తరగతిలో నవ్వు వేరు. ఒకసారి నవ్వులపాలైన పిల్లవాడు ఆ తరువాత తప్పు మాట్లాడడు, ఒప్పూ మాట్లాడడు, నోరే మెదపడు.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. ఇంగ్లీషు వాక్యం వ్రాయించే ముందు, చెప్పదలచినది స్వభావమా, స్థితియా, సాగుతున్న పనియా అని పిల్లవానిని తెలుగులోనే అడగండి. మొదటి రెండింటికి సింపుల్, మూడవదానికి కంటిన్యువస్ అని వాడే తేల్చుకొంటాడు. తెలుగు గంటలో తెలిసినది ఇంగ్లీషు గంటలో పనికిరాదని మనం పిల్లలకు నేర్పుతున్నాము. "నేర్పుతాము" అని వ్రాయలేదు. అది మన ధర్మం కాదు. మానుకొనదగిన పని మాత్రమే.